నలిగిన రేకు, తళతళలాడే రేకు

2001 మార్చి 8న ఇంగ్లండు ఉత్తరాన ఉన్న కొనిస్టన్ సరస్సులోంచి ఒక పడవ కళేబరాన్ని పైకి తీశారు. వంకర్లు తిరిగిన నీలం రేకులు, తోక మీద ఇంకా ఆనవాలు చెదరని బ్రిటిష్ జెండా. 34 ఏళ్లపాటు సుమారు 150 అడుగుల లోతున బురదలో పడి ఉన్న ఆ పడవ పేరు బ్లూబర్డ్ కె7. 1967 జనవరి 4 ఉదయం గంటకు 300 మైళ్లు దాటిన వేగంలో దాని ముక్కు పైకి లేచింది. గాల్లో పల్టీ కొట్టి, నీళ్లను ఢీకొని, నడుపుతున్న డొనాల్డ్ క్యాంబెల్‌ను తనతోపాటే తీసుకుపోయింది.

రెండో పడవకు ఇంత కథ లేదు. అమెరికాలో జార్జియా రాష్ట్రం అట్లాంటాలో ఫెదర్ క్రాఫ్ట్ అనే కంపెనీ 1950లలో చేసిన అల్యూమినియం రన్‌అబౌట్ అది. పొడవు పద్నాలుగు, పదిహేను అడుగులు. వెనక పలకకు తగిలించిన ఔట్‌బోర్డ్ మోటారు, ముందు కారుకున్నట్టే స్టీరింగు, చిన్న అద్దం, సీట్లు. ఆదివారాలు పిల్లాపాపలతో జలాశయంలో షికారుకు, వెనక తాడు కట్టి వాటర్ స్కీయింగుకు ఎవరో ముచ్చటపడి కొనుక్కున్నది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏ కొట్టం వెనకో, చెట్టు కిందో పడి ఉంటుంది. ఆకులూ వాననీళ్లూ నిండుతాయి. చివరికి ఇంకెవరో కాసిని డాలర్లిచ్చి, ట్రైలరుతో సహా తెచ్చి తమ గ్యారేజీలో పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఇల్లాలి కారు ఎండలో ఉంటుంది.

ఒకటి నీటి మీద వేగపు రికార్డుల కోసం చేసిన యంత్రం, మరొకటి షికారు పడవ. ఈ రెండింటి పునరుద్ధరణను ఒకే తక్కెడలో తూచడం అన్యాయమనిపించవచ్చు. అయితే వీటి పుట్టుక ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే విమానాల కోసం పెరిగిన అల్యూమినియం ఉత్పత్తికి, ఆ రేకును వంచి రివెట్లు కొట్టడం నేర్చిన చేతులకు వేరే పని వెతకాల్సి వచ్చింది. యుద్ధ విమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ 1945లోనే అల్యూమినియం కనూల పనిలో పడింది. బ్లూబర్డ్‌ను కెన్, లూ నోరిస్ అన్నదమ్ములు రూపొందిస్తే, 1954-55లో లాంకషైర్‌లోని శాంల్స్‌బరీ ఇంజనీరింగ్ తయారుచేసింది. లోపల ఉక్కు గొట్టాల చట్రం, పైన బర్మాబ్రైట్ అనే అల్యూమినియం-మెగ్నీషియం మిశ్రమపు రేకు. ఆ రోజుల్లో ల్యాండ్ రోవర్ల ఒంటికి వాడిందీ ఆ రేకే. ఫెదర్ క్రాఫ్ట్‌లో ఉక్కు చట్రమంటూ లేదు. రేకే ఒళ్లు, రేకే ఎముక, లోపల అడ్డంగా బిగించిన పట్టీలే పక్కటెముకలు. దశాబ్దం ఒకటే, లోహం ఒకే కుటుంబానిది, అతుకు వేసే పద్ధతీ ఒకటే.

బాగుచేసేవాళ్ల తీరులో మాత్రం హస్తిమశకాంతరం. టైన్‌సైడ్‌లోని నార్త్ షీల్డ్స్‌లో బిల్ స్మిత్ అనే ఇంజనీరు, ఆయన వెంట నిలిచిన స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి పట్టుకున్న సూత్రం ఒకటే: దక్కించుకోగలిగిన పాత ముక్కను పారేయకూడదు. సరస్సులో పడవను వెతికి పట్టుకున్నదీ ఆ బిల్ స్మితే. గ్యారేజీ మనిషి సూత్రం వేరు: వేసవికి పడవ నీళ్లలో దిగాలి. నా దృష్టిలో ఈ రెండూ మంచి సూత్రాలే. గ్యారేజీల్లో చెడుతున్నది ఎక్కడంటే, పెద్ద పునరుద్ధరణల నుంచి మెరుపును అరువు తెచ్చుకుని ఓపికను అక్కడే వదిలేసి రావడంలో.

ముందు లోహం సంగతి. అల్యూమినియానికి తుప్పు పట్టదన్నది సగం నిజం. గాలి తగలగానే దాని మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొరే దానికి కవచం. తడి ఆరని చోట, గాలి ఆడని చోట, వేరే లోహం ఆనుకున్న చోట ఆ కవచం నిలవదు. సత్తు గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా వదిలేస్తే అడుగున సూదిమొన గుంటలు పడటం మన వంటింట్లో ఎరిగినదే. పడవ అడుగున కుళ్లిన ఆకుల కింద జరిగేదీ అదే తంతు. పైకి తెల్లటి పొడి, కింద గుంట. ఆ గుంట లోతుకు పోయి పోయి అవతల తేలితే గాని యజమానికి సంగతి తెలియదు.

బ్లూబర్డ్ అదృష్టం, అది మునిగింది మంచినీటి సరస్సులో. ఉప్పునీట అయితే 34 ఏళ్ల తర్వాత తీయడానికి మిగిలేది చాలా తక్కువ. చల్లటి నీరు, వెలుతురు చొరని లోతు రేకును కాపాడాయి. ఇంజిన్‌లో మెగ్నీషియం మిశ్రమంతో పోతపోసిన భాగాలు మాత్రం కరిగిపోయాయి. నీటిలో రెండు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉంటే, చురుకైనది ముందు కరిగి రెండోదాన్ని కాస్తుంది. అక్కడ మెగ్నీషియం ఆహుతైంది, అల్యూమినియం బయటపడింది.

గ్యారేజీ పడవలో ఇదే రసాయనం ఎదురు తిరుగుతుంది. అక్కడ ఆహుతి అయ్యేది అల్యూమినియమే. పుచ్చదు, చెద పట్టదు కదా అని, రాగి కలిసిన మందుతో శుద్ధి చేసిన ప్లైవుడ్ కొని వెనక పలకకు వాడతారు. తడి తగలగానే ఆ రాగి రేకును తినడం మొదలుపెడుతుంది. నాచు పట్టకుండా పడవ అడుగున పూసే రాగి రంగులదీ అదే వరస. నేల చెక్కల సందులోంచి జారిపడ్డ ఒక్క రాగి నాణెం చాలు, దాని కింద రేకు చెడటానికి. ఇత్తడి స్క్రూ ఎక్కడుందో అక్కడ తెల్లపొడి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టయినా సరే, మధ్యలో ప్లాస్టిక్ వాషరో, లోహాలను వేరుచేసే పేస్టో లేకుండా నేరుగా బిగించకూడదు. ఇవన్నీ తెలిసిన మనిషి కూడా పాత రంగు గీకడానికి ఇనుప పీచు పట్టుకుంటాడు. ఆ పీచు తునకలు రేకులో ఇరుక్కుని, ఏడాది తిరిగేసరికి కొత్త రంగు కింద పొక్కులు లేపుతాయి.

ఇలాంటి పొరపాట్లు బ్లూబర్డ్ దగ్గర జరగడానికి వీల్లేదు. ప్రతి ముక్కనూ విప్పి, కడిగి, దానికి దేనివల్ల దెబ్బ తగిలిందో చూసి గాని చేయి వేయలేదు అక్కడివాళ్లు. గ్యారేజీ మనిషి అంతసేపు ఆగడు. పడవ ఇంటికొచ్చిన మొదటి శనివారమే గ్రైండరు మోగుతుంది.

నలిగిన రేకును సాపు చేసే దగ్గర రెండు దారులూ బాగా విడిపోతాయి. అల్యూమినియం వంగిన చోట గట్టిపడుతుంది. గట్టిపడ్డదాన్ని వెనక్కి వంచితే చీలుతుంది. కాబట్టి ముందు వేడిచేసి మెత్తబరచాలి. చిక్కేమిటంటే, ఇనుములాగా ఇది ఎర్రబడి హెచ్చరించదు. మామూలుగా ఉన్నట్టే ఉండి, ఒక్కసారిగా చేతికింద కూలిపోతుంది. అందుకే రేకు పనివాళ్లు దాని మీద సబ్బు రుద్ది మంట చూపిస్తారు. సబ్బు గోధుమరంగు తిరిగి నల్లబడుతుండగానే మంట తీసేయాలి. ఆ తర్వాత ఇసుక సంచి మీద పెట్టి, కొయ్య సుత్తితో మెల్లమెల్లగా తట్టడం. తట్టేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ వేడిచేయాలి. చిరిగిన చోట అతుకు, నలిగిన చోట మళ్లీ తట్టుడు. కొత్త రేకు కత్తిరించి బిగిస్తే ఎన్నో రెట్లు తొందరగా అయ్యే పనిని బ్లూబర్డ్ బృందం ఒక్కో పలకకూ ఇలా లాక్కొచ్చింది. ఆ పునరుద్ధరణలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. ఈ పనికి పేరు రాదు. చివర్లో రంగు పడ్డాక అది కనపడనైనా కనపడదు.

అసలు సాపు చేయాలా వద్దా అన్నదే అక్కడ పెద్ద రగడ. బ్రిటన్‌లో లాటరీ సొమ్ముతో వారసత్వ సంపదకు నిధులిచ్చే హెరిటేజ్ లాటరీ ఫండ్ ఈ పునర్నిర్మాణానికి డబ్బివ్వలేదు. నలిగిన శకలాన్ని నలిగినట్టే భద్రపరచాలన్నది అటువైపు వాదం. తేలిగ్గా కొట్టిపారేయగలిగింది కాదది. ప్రమాదమే బ్లూబర్డ్ జీవితంలో చివరి ఘట్టం. నీళ్లు ఏ మూల నుంచి, ఎంత బలంతో కొట్టాయో చెప్పేవి ఆ మడతలే. వాటిని సాపు చేయడమంటే సాక్ష్యాన్ని సుత్తితో చెరపడమే.

అయినా నా ఓటు సుత్తికే. 1955 జులైలో అల్స్‌వాటర్ సరస్సు మీద గంటకు 202.32 మైళ్లతో మొదలుపెట్టి, 1964 డిసెంబరు 31న ఆస్ట్రేలియాలోని డంబుల్‌యంగ్ సరస్సు మీద 276.33 మైళ్ల దాకా ఏడు ప్రపంచ రికార్డులు తెచ్చిన పడవ అది. అన్నేళ్ల పనిని పక్కన పెట్టి కొన్ని క్షణాల చావును మాత్రమే అద్దాల పెట్టెలో పెడితే, చూసేవాళ్లకు దక్కేది శోకయాత్ర. క్యాంబెల్ కుటుంబం 2006లో ఆ శకలాన్ని కొనిస్టన్‌లోని రస్కిన్ మ్యూజియానికి అప్పగించింది కూడా పడవగా చూడాలనే. ఇందులో నాకు ఒక్కటే పేచీ. తాకిడికి తునాతునకలైన ముందు భాగంలో చాలావరకు కొత్తగా చేయాల్సి వచ్చింది. వెనక సగం క్యాంబెల్ ఎరిగిన లోహం, ముందు సగంలో ఎక్కువ ఈ శతాబ్దపు లోహం. ఒకే నీలం రంగు రెండింటినీ కలిపేసింది. ఎక్కడ పాతది ఆగి ఎక్కడ కొత్తది మొదలవుతుందో పక్కనే ఒక బొమ్మ గీసి చూపించడం అలాంటి పడవ పక్కన నిలబడే ప్రతివాడికీ దక్కాల్సిన మర్యాద.

గ్యారేజీ పడవ సొట్టలకు ఈ వాదం వర్తించదు. ట్రైలరు రివర్స్ చేస్తూ గోడకు కొట్టిన సొట్టకు చారిత్రక హోదా అక్కర్లేదు. దాన్ని తీసేయొచ్చు, నిక్షేపంగా. తీసే పద్ధతి దగ్గరే నా ఫిర్యాదు. కార్లకు పెట్టే పుట్టీ తెచ్చి సొట్ట నింపేస్తారు. పడవ అడుగు కారు డోరు లాంటిది కాదు, ప్రతి అలకూ కొద్దిగా వంగి లేస్తూ ఉంటుంది. రెండు మూడు సీజన్లకు పుట్టీ పెచ్చులుగా లేచివస్తుంది. ఇంకొందరు వెల్డింగుకు దిగుతారు. సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మందం రేకు, సందుల్లో పాత సీలెంటూ రంగూ. మంట తగిలితే రేకు వంకర పోతుంది, వెల్డు పక్కనే ఉన్న రివెట్లు వదులవుతాయి. కారుతున్న ఒక్క చిల్లును మూయబోతే పక్కన నాలుగు కారతాయి.

కారే చోట్లు కనిపెట్టడానికి గ్యారేజీ వాళ్ల దగ్గర ఉన్న ఉపాయం మాత్రం నాకు ఎంతో ఇష్టం. పడవలోకి నీళ్లు రాకూడదు కదా, అందుకని వీళ్లు పడవలోనే నీళ్లు పోస్తారు. ట్రైలరు మీద ఉన్న పడవలోకి తోట గొట్టంతో నీళ్లు వదిలి, కింద పాకుతూ పోయి, చుక్క కనపడ్డ ప్రతి రివెట్ చుట్టూ మైనపు పెన్సిలుతో సున్నా చుడతారు. ఉత్సాహం ఎక్కువైతే ప్రమాదం. నాలుగు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున పది సెంటీమీటర్ల నీళ్లంటే 400 కిలోలు. తేలికపాటి పాత ట్రైలరు ఆ బరువుకు కాళ్లు చాపేస్తుంది, పడవ అడుగూ కుంగుతుంది. బొటనవేలు మునిగేటన్ని నీళ్లు చాలు. తర్వాత కింద చూస్తే, అడుగు మధ్యన వెన్నెముకలా ఉండే కీల్ పొడవునా సున్నాలే సున్నాలు.

సున్నా పడ్డ రివెట్‌ను ఏం చేయాలన్నది మనిషి నికార్సును పట్టిచ్చే పరీక్ష. మంచి దారికి ఇద్దరు కావాలి. ఒకరు కింద పడుకుని రివెట్ తల మీద గాలి సుత్తి పెట్టాలి. ఇంకొకరు పడవలో గొంతుక్కూర్చుని రివెట్ తోక మీద బరువైన ఉక్కు దిమ్మ అదిమి పట్టుకోవాలి. సుత్తి ఠకఠకమని కొడుతుంటే దిమ్మకు, రేకుకు మధ్య తోక నలిగి గుండీలా పరుచుకుంటుంది. వదులైన రివెట్లు చాలావరకు ఇలా మళ్లీ బిగుసుకుంటాయి. కాకపోతే డ్రిల్లు వేసి తీసేసి, ఒక సైజు పెద్దది కొట్టాలి. దిమ్మ పట్టినవాడి చేయి కాస్త పక్కకు జరిగితే తోక వంకర పోతుంది. దిమ్మ ఆనించకముందే సుత్తి మోగితే రేకు మీద సొట్ట. అందుకని కేకలు వేసుకుంటారు, చప్పుడు ఎక్కువైతే తట్టి సైగ చేసుకుంటారు. బ్లూబర్డ్ వర్క్‌షాపులో జరిగిందీ, ఇద్దరు స్నేహితులు ఇంటి గ్యారేజీలో చేసేదీ ఈ ఒక్క చోట అచ్చంగా ఒకే పని. శాంల్స్‌బరీలో 1955లో చేసినవాళ్లు వచ్చి చూసినా కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

చెడ్డ దారికి ఒక్కడు చాలు. పాప్ రివెట్ తుపాకీతో బయటి నుంచే టక్కున కొట్టేయడం. మామూలు పాప్ రివెట్ మధ్యలో బోలు, ఆ బోలులోంచి నీళ్లు వస్తాయి. చివర మూసిన రకం కొంత నయం, అయినా గట్టి రివెట్‌కున్న పట్టు దానికి లేదు. ఇలా కొట్టి, లోపల ఎపాక్సీ పూసేసి, పైన తళుకు పెట్టిన పడవలు అమ్మకానికి వస్తుంటాయి. ఫొటోల్లో అందంగానే ఉంటాయి.

వెనక పలక దగ్గర గ్యారేజీ మనిషినే నేను సమర్థిస్తాను. మోటారు బరువంతా, తోపంతా మోసేది ట్రాన్సమ్ అనే ఈ పలక. బయట అల్యూమినియం, లోపల ప్లైవుడ్. ఆరేడు దశాబ్దాల పాత ప్లైవుడ్ చాలాసార్లు చేత్తో గిల్లితే తేయాకు పొడిలా రాలుతుంది. సీట్ల కింద పడవ మునగకుండా పెట్టిన ఫోము నీళ్లు తాగి ఇటుకలా బరువెక్కి ఉంటుంది. తేలడానికి పెట్టినదే ముంచడానికి సిద్ధంగా ఉంటుందన్నమాట. దీన్ని కాపాడమని ఎవరూ అడగరు. పాతదాన్ని అచ్చుగా పెట్టుకుని మెరైన్ ప్లైవుడ్ కత్తిరించి, అన్ని అంచులకూ, బోల్టు రంధ్రాల లోపలికీ ఎపాక్సీ తాగించి బిగించడం సరైన పని. పాత ముక్కను పారేయకూడదన్న సూత్రాన్ని ఇక్కడా పట్టుకు వేలాడితే మోటారు పలకతో సహా సరస్సులోకి పోతుంది. తీసిన ముక్క మీద తారీకు రాసి అటక మీద పడేస్తే చాలు.

ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ రాజీపడ్డారు. బ్లూబర్డ్‌లో మొదట మెట్రోపాలిటన్ వికర్స్ వారి బెరిల్ జెట్ ఇంజిన్ ఉండేది. చివరి ప్రయత్నం కోసం క్యాంబెల్ దాన్ని తీసేసి, ఫోలండ్ నాట్ యుద్ధ విమానంలో వాడే బ్రిస్టల్ ఆర్ఫియస్ పెట్టించాడు. నాట్ పేరు మనకు కొత్త కాదు. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లైసెన్సు మీద ఆ విమానాన్నీ, ఈ ఆర్ఫియస్ ఇంజిన్‌నూ తయారుచేసింది. 1965, 1971 యుద్ధాల్లో మన వాయుసేన నాట్‌లను నడిపింది. సరస్సులో సగం కరిగిన పాత ఇంజిన్ తిరిగే స్థితిలో లేదు కాబట్టి, పునరుద్ధరించిన బ్లూబర్డ్‌కు అదే రకం మరో ఆర్ఫియస్ బిగించారు. రకం అదే, ప్రాణం వేరేది. దాన్ని దాచిపెట్టలేదు గనుక నాకు అభ్యంతరం లేదు.

గ్యారేజీలో కథ ఇంకోలా ఉంటుంది. ఆ కాలపు ఎవిన్‌రూడ్, జాన్సన్, మెర్క్యురీ టూ స్ట్రోక్ మోటార్లు మొండి ఘటాలు. కాయిల్, పాయింట్లు, నీటి పంపులో రబ్బరు చక్రం మార్చి, కార్బురేటరు విప్పి కడిగితే చాలావరకు లేచి కూర్చుంటాయి. కొందరికి ఆ పొగా చప్పుడూ పడక కొత్త ఫోర్ స్ట్రోక్ మోటారు తగిలిస్తారు. అదే గుర్రపు శక్తికి ఈ రకం బరువెక్కువ. వెనక కుంగి, ముక్కు లేచి, పడవ నీటి మీద తేలికగా పరుచుకోవాల్సింది పోయి దున్నుకుంటూ పోతుంది. గీసినవాడు లెక్క వేసిన తూకం పోయాక అది ఫెదర్ క్రాఫ్ట్ ఆకారంలో ఉన్న మరో పడవ. బ్లూబర్డ్ వాళ్లు ఇంజిన్ మార్చినా తూకం మార్చలేదు. గ్యారేజీ వాళ్లకు ఈ తేడా పట్టదు.

ఇక పైమెరుగు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పాత అల్యూమినియం పడవ అనగానే ఇప్పుడు అందరి కళ్ల ముందూ మెదిలేది అద్దంలా మెరిసే ఒళ్లు. ఉన్ని చక్రం బిగించిన పాలిషరు, దశలు దశలుగా మారే పేస్టులు, మోచేతుల దాకా నల్లటి మసి, వారాంతాలకు వారాంతాలు. చివరికి పడవలో ఎదుటి ఇంటి కిటికీలు కనపడతాయి. మెచ్చుకోవాల్సిన శ్రమే. ఫలితం మాత్రం దొంగ వయసు. మెరుపు తేవడమంటే లోహాన్ని అరగదీయడమే. గీతలతోపాటు గుంటల అంచులు పోతాయి, రివెట్ తలలు పలచబడతాయి, ఫ్యాక్టరీ ముద్రలు ఏవైనా ఉంటే మాసిపోతాయి. రంగులతో అమ్మిన పడవను కూడా, కింద ఉన్నది వెండి కదా అని, రంగు ఒలిచేసి మెరిపిస్తారు. 1950ల రంగుల జోడింపులు, క్రీము మీద ఎరుపు, తెలుపు మీద ఆకాశనీలం, ఆ కాలపు కార్ల అక్కచెల్లెళ్లు. కొన్ని పడవలకు అప్పట్లో కార్లకున్నట్టు తోకరెక్కలు కూడా ఉండేవి. ఆ రంగు గీకేస్తే పడవ తన కాలాన్ని పోగొట్టుకుంటుంది. పైగా ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, మాస్కు లేకుండా పొడి ఎగరేయడం గ్యారేజీలో ఆడుకునే పిల్లలకు మంచిది కాదు. ఇంత చేశాక కూడా ఒక్క సాయంత్రం సరస్సులో తిప్పితే నీటి మరకలు పడతాయి. అందుకని చాలామంది అసలు నీళ్లలోనే దింపరు. పార్కింగు లాటులో గుడ్డ పట్టుకుని పడవ పక్కన కుర్చీ వేసుకుంటారు.

బ్లూబర్డ్ ఎన్నడూ మెరవలేదు. క్యాంబెల్ ఇంటి నీలం దానికి ఒంటి రంగు. పునరుద్ధరించాక వేసిందీ అదే. ఆ నీలం కింద ఎన్ని అతుకులున్నాయో చేసినవాళ్లకు తెలుసు. తట్టి సాపు చేసిన రేకు పూర్తిగా సమతలం కాదు, వెలుతురు ఏటవాలుగా పడితే అలలు కనిపిస్తాయి. నాకు ఆ అలలే పాలిషు కంటే విలువైనవి. గ్యారేజీలో ఇంతకు సమానమైన పని చేయడం కష్టమేమీ కాదు. రసాయన స్ట్రిప్పరుతో వదులైన రంగు మాత్రమే తీసి, రేకును శుభ్రంగా కడిగి, పట్టు కోసం ఎచ్ ప్రైమరు వేసి, గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగును ఎక్కడో ఒక మూల చేటంత వదిలేసి దానికి సరిపోయేలా కొత్తది కలపడం. ఖర్చు తక్కువ, లోహం నష్టం లేదు. ఎవరూ ఫొటో తీయరు, అంతే.

నీళ్లలో దిగడం విషయంలో రెండు శిబిరాలూ ఒకచోటికి వచ్చాయి. 2018 ఆగస్టులో స్కాట్లండ్‌లోని బ్యూట్ దీవిలో లాక్ ఫాడ్ అనే సరస్సు మీద బ్లూబర్డ్ మళ్లీ పరుగెత్తింది. గంటకు సుమారు 150 మైళ్ల వేగం, రికార్డులో సగం. ఆ సగం వేగానికే నీటి మీదికి లేచి, వెనక తెల్లటి తుంపర తోక విసిరింది. అలా చూడకపోతే ఆ ఆకారం ఎందుకు అలా ఉందో కాగితం మీద ఎంత చెప్పినా తెలియదు. మ్యూజియం వాదానికి అసలు జవాబు ఆ పరుగే. మెరుపు పిచ్చి పట్టని గ్యారేజీ వాళ్లకు ఈ జవాబు మొదటి నుంచీ తెలుసు.

ఫెదర్ క్రాఫ్ట్ పుట్టిన అట్లాంటాకు ఉత్తరాన లేక్ లేనియర్ ఉంది. 1950లలో బ్యూఫర్డ్ డ్యాం కట్టగా ఏర్పడ్డ జలాశయం. దాని ఒడ్డునే ఉన్న కమింగ్, ఆ పక్కనే ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ ఇప్పుడు తెలుగు కుటుంబాలు దండిగా ఉన్న ఊళ్లు. వీకెండ్‌కు పాంటూన్ బోటు అద్దెకు తీసుకుని బిర్యానీ డబ్బాలతో షికారుకెళ్లడం అక్కడివాళ్లకు మామూలే. అదే ఊరి మట్టిలో తయారైన పాత పడవను బాగుచేసి తిప్పుకోవచ్చన్న ఆలోచన వస్తే మాత్రం మొదటి అడ్డంకి లోహం కాదు, హెచ్‌ఓఏ అనే ఇళ్ల యజమానుల సంఘం. చాలా కాలనీల్లో డ్రైవ్‌వేలో ట్రైలరు మీద పడవ కనపడితే ఉత్తరం వస్తుంది. గ్యారేజీ తలుపు మూసుకుని చేయాలి, మూసుకుంటే పొడికీ స్ట్రిప్పరు వాసనకూ గాలాడదు. నార్త్ షీల్డ్స్ వాళ్లకు ఈ బాధ లేదు.

వాళ్లకు ఎదురైన బాధ ఇంకోటి. పడవ ఎవరిది? శకలాన్ని కుటుంబం మ్యూజియానికి ఇచ్చింది. ఏళ్ల తరబడి ఒళ్లు వంచి దాన్ని పడవగా నిలబెట్టింది వర్క్‌షాపు. కొత్తగా చేసిన భాగాల మీద హక్కు తమదని ఒకరు, మొత్తం పడవ తమదని మరొకరు. బ్యూట్ పరుగు తర్వాత ఈ తగవు ముదిరి లాయర్ల దాకా వెళ్లింది. చివరికి 2024 మార్చి 9న బ్లూబర్డ్ కొనిస్టన్‌కు తిరిగొచ్చింది. చట్టం సంగతి చట్టం చూసుకుంది. విమర్శకుడిగా నాకు అర్థమైంది వేరు: పాత రేకును అంత మొండిగా కాపాడిన పద్ధతే ఈ తగవుకు వాళ్లను తీసుకెళ్లింది. అంతా కొత్త రేకు వేసి ఉంటే అది నకలు అయ్యేది, దాని కోసం ఎవరూ కొట్టుకునేవారు కాదు.

గ్యారేజీలో పనివాడూ యజమానీ ఒక్కడే కాబట్టి ఆ తగవు లేదు. ఆ సౌకర్యమే అజాగ్రత్తకు దారి తీస్తోంది. అమెరికాలో 1972 నవంబరు కంటే ముందు చేసిన పడవలకు ఇప్పుడున్న 12 అక్షరాల హల్ నంబరు ఉండదు. కంపెనీ పేరు, మోడలు, సీరియల్ నంబరు కొట్టిన చిన్న రేకు పలక ఒకటి రివెట్లతో బిగించి ఉంటుంది, అంతే. అది పోతే ఈ పడవ ఏదో, ఏ ఏటిదో చెప్పే ఆధారం పోతుంది. పాలిషరు చక్రానికి అడ్డొస్తోందని ముందుగా డ్రిల్లు వేసి ఊడబెరికేది దాన్నే. తర్వాత డబ్బాలో వేసి మరిచిపోతారు, లేదా మెరిపించి అంకెలు చెరిపి మళ్లీ బిగిస్తారు. పాత అల్యూమినియం పడవ కొనబోయేవాళ్లు ముందు డ్యాష్‌బోర్డు దగ్గరా, వెనక పలక దగ్గరా ఆ ముక్క కోసం వెతకాలి. అది రంగు మాసి, చుట్టూ మురికి పట్టి, పాత రివెట్లతోనే ఉంటే బేరం మొదలుపెట్టొచ్చు. ప్లైవుడ్ పుచ్చినా ఫరవాలేదు, అది హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది.